కుదవలో ఉన్న మధ్యతరగతి: అనంతపురం చెప్పే లెక్క

జూన్ నెలలో అనంతపురం జిల్లాలో ఏ బ్యాంకుకు వెళ్లినా బంగారు రుణాల కౌంటర్ దగ్గరే వరుస పొడుగ్గా ఉంటుంది. తొలకరి పడితే శెనక్కాయ విత్తాలి, దానికి డబ్బు కావాలి. అదే నెలలో బడులు తెరుస్తారు, ఫీజులో మొదటి కంతు కట్టాలి. ఇంటర్ పాసైన పిల్లాడి కాలేజీ సీటుకు అడ్వాన్సు పంపాలి. అన్నీ ఒకేసారి మీద పడే నెల అది. కౌంటర్ పక్కన కూర్చున్న అప్రైజర్ గొలుసును గీటురాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, రంగు మారుతుందేమో చూస్తాడు. తూకం వేసి, రాళ్ల బరువూ తరుగూ తీసేసి, మిగిలిన గ్రాములు ఫారం మీద రాస్తాడు. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి ఆ కాగితం వంక చూడదు. ఆమె కళ్లు గొలుసు మీదే ఉంటాయి. అది కవర్లోకి పోతుంది, సీలు పడుతుంది, మీద ఒక నంబరు రాస్తారు.

ఆ వరుసలో రైతులే ఉండరు. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంటుంది. సందు చివర కిరాణా కొట్టు నడిపే ఆయన ఉంటాడు. ధర్మవరం నుంచి వచ్చిన నేతగాడు ఉంటాడు. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్ ఉంటాడు. వీళ్లలో ఎవరినడిగినా పేదవాళ్లమని చెప్పరు, ఏదో మధ్యరకం అంటారు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, బండి ఉంది, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. నెల సంపాదన, నెల ఖర్చు చూస్తే వాళ్లు చెప్పింది నిజమే. ఇంటి ఆస్తి ఎక్కడుంది, ఎవరి బీరువాలో ఉంది అని చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

బంగారు రుణానికి సాధారణంగా ఏడాది గడువు. పంట చేతికొచ్చి నాలుగు డబ్బులు మిగిలితే నగ ఇంటికొస్తుంది. మిగలకపోతే రెన్యువల్, అంటే వడ్డీ కట్టి తిరగ రాయించుకోవడం. అసలు కూడా కడితేనే మళ్లీ ఇస్తామని బ్యాంకు పట్టుబడితే, ఒక్క రోజుకు డబ్బు తిప్పే మనుషులు బయట ఉంటారు. పొద్దున వాళ్ల దగ్గర తెచ్చి బ్యాంకులో కట్టడం, మధ్యాహ్నానికి అదే నగ మళ్లీ పెట్టడం, సాయంత్రంలోగా వాళ్ల డబ్బు వాళ్లకిచ్చి పైన కమీషన్ ముట్టజెప్పడం. ఇంత తతంగంలో నగ బ్యాంకు గడప దాటదు. కొన్ని ఇళ్లలో అమ్మమ్మ ఇచ్చిన గొలుసు ఆరేడేళ్లుగా లాకర్లోనే ఉంటుంది, పెళ్లిళ్లకు మెడలో రోల్డ్‌గోల్డ్ ఉంటుంది.

బంగారం రేటు ఇంత పెరిగింది కాబట్టి నగ ఉన్న కుటుంబాలన్నీ బాగుపడ్డట్టే అనిపించవచ్చు. ఒక మోటు లెక్క వేసి చూద్దాం. 2015లో పది గ్రాములు దాదాపు 26 వేలు. 40 గ్రాముల నగకు లక్షా నాలుగు వేల విలువ. అందులో 75 శాతం మించి అప్పు ఇవ్వకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 78 వేలు పుట్టేది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటింది. అదే నిబంధన లెక్కన అదే 40 గ్రాముల మీద అప్పుడు 3 లక్షలు పుట్టేది. క్యారెట్లూ తరుగూ తీసేస్తే అంకెలు కొంత తగ్గుతాయి గానీ దామాషా అంతే. నగను లాకర్లో ఊరికే దాచుకున్న కుటుంబానికి ఈ పదేళ్లలో మూడు లక్షల దాకా ఆస్తి పెరిగింది. కుదవ పెట్టిన కుటుంబానికి పెరిగింది అప్పు పుట్టే హద్దు. రేటు పెరిగినప్పుడల్లా రెన్యువల్ రోజున "ఇంకో యాభై వేలు వస్తుంది, తీసుకుంటారా" అని అడుగుతారు. ఇంటి దగ్గర ఫీజు నోటీసు ఉన్న మనిషి వద్దని ఎలా అంటాడు? ఒకే రేటు, ఒకే బరువు. ఒకరింట్లో ఆస్తి పెరిగింది, ఇంకొకరింట్లో బాకీ పెరిగింది.

ఇది అనంతపురం ఒక్కదాని కథ అనుకోవద్దు. బంగారు నగల మీద దేశంలోని బ్యాంకులు ఇచ్చిన రుణాలు 2025 మార్చికి ఒక్క ఏడాదిలోనే రెట్టింపై 2 లక్షల కోట్లు దాటినట్టు రిజర్వు బ్యాంకు లెక్కలు చెబుతున్నాయి. అంతకుముందు, 2022-23లో, కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో దాదాపు 5 శాతానికి పడిపోయింది. సుమారు ఐదు దశాబ్దాల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. దాచుకోవడం తగ్గింది, దాచుకున్నది కుదవకు పోతోంది.

మధ్యలో ఉన్నవాళ్ల వాటా

మన దేశంలో మధ్యతరగతికి సర్కారు నిర్వచనం ఏదీ లేదు. ఆర్థికవేత్తలు వాడే తేలికైన పద్ధతి ఒకటుంది. జనాన్ని మూడు ముక్కలు చేస్తారు: పైనున్న 10 శాతం, కిందున్న 50 శాతం, మధ్యలో మిగిలిన 40 శాతం. 2024 మార్చిలో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ తరఫున నితిన్ కుమార్ భారతి, లూకాస్ షాన్సెల్, తోమా పికెటీ, అన్మోల్ సోమంచి వెలువరించిన పత్రం ఈ పద్ధతిలోనే లెక్క కట్టింది. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, దేశ సంపదలో 40.1 శాతం పై 1 శాతం చేతుల్లో ఉంది. కిందున్న సగం జనాభాకు ఉన్న సంపద 6.4 శాతం. మధ్య 40 శాతానికి ఆదాయంలో దక్కింది 27.3 శాతం. అంటే జనాభాలో తన వాటా కంటే కూడా బాగా తక్కువ. 1980ల మొదట్లో పై 1 శాతం ఆదాయ వాటా 6 శాతం దగ్గర ఉండేది. అక్కడి నుంచి పైకి పోయిన ప్రతి వాటా ఎవరో ఒకరి పళ్లెంలోంచి పోయిందే. ఎక్కువగా పోయింది మధ్య పళ్లెంలోంచి.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తోసిపుచ్చకూడదు. పేదరికం తగ్గింది. 2013-14 నుంచి 2022-23 మధ్య 24.82 కోట్ల మంది బహుముఖ పేదరికం (ఆదాయం కాకుండా ఆరోగ్యం, చదువు, బతుకు వసతులు చూసి కొలిచేది) నుంచి బయటపడ్డారని నీతి ఆయోగ్ చెప్పింది. కుటుంబ వినియోగ సర్వేల ప్రకారం ఖర్చులో అసమానత కూడా తగ్గింది. గ్రామాల్లో అసమానతను కొలిచే గినీ సూచిక 2022-23లో 0.266 ఉంటే మరుసటి ఏడాదికి 0.237కు దిగింది. ఊళ్లలో చూసినా ఇది నిజమే అనిపిస్తుంది. బోద కొట్టాల స్థానంలో మిద్దెలు వచ్చాయి, రాగి ముద్ద ఇప్పుడు గతిలేక తినేది కాదు. కానీ ఆ సర్వే అడిగేది ఎంత ఖర్చు పెట్టారని. ఆ ఖర్చు సంపాదనతో పెట్టారా, గొలుసు కుదవ పెట్టి పెట్టారా అన్నది గినీ సూచికలో కనబడదు. అసలు కలిగినోళ్లు ఇలాంటి సర్వేలకు దొరకడమే తక్కువ.

మధ్యరకం ఎలా తయారైంది

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని పేరు. ఇలాంటి చోట ఎంత సంపాదిస్తావు అన్నదాని కంటే కరువొస్తే ఎన్నాళ్లు నిలబడతావు అన్నదే మనిషి స్థాయిని చెప్పేది. ఒక కరువు ఏడాదిని పొలం అమ్మకుండా, వలస పోకుండా, పిల్లల చదువు మానిపించకుండా దాటించగలిగితే ఆ ఇల్లు మధ్యరకం. ఆ బలం నాలుగు తావుల నుంచి వచ్చేది: పొలం, సర్కారు ఉద్యోగం, మగ్గమో చిన్న వ్యాపారమో, ఇంట్లో బంగారం. చాలా ఇళ్లలో ఇందులో రెండైనా ఉండేవి. అన్న పొలం చూసుకుంటే తమ్ముడు గుంతకల్లు రైల్వేలో పనిచేసేవాడు.

పొలానికి ఆ బలం ఇచ్చింది వేరుశనగ. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. దిగుమతులకు అడ్డుకట్ట ఉండడంతో నూనెగింజలకు మంచి ధర పలికింది. జొన్న, కొర్ర, సద్ద వేసే ఎర్రనేలలన్నీ శెనక్కాయకు మారిపోయాయి, ఉమ్మడి జిల్లాలో సాగు లక్షల హెక్టార్లకు పాకింది. ఆ రోజుల్లో నాలుగు కాసులు చేయించుకున్న ఇళ్లు, మిద్దె కట్టుకున్న ఇళ్లు ఎక్కువగా ఈ పంట మీదే పైకొచ్చాయి. 1994 నుంచి పామాయిల్ మొదలుకొని వంటనూనెల దిగుమతికి తలుపులు తెరిచారు. విదేశీ పామాయిల్ చవగ్గా వస్తుంటే పల్లీ నూనెకు పోటీలో నిలిచే శక్తి లేకపోయింది. మూడు నాలుగేళ్లకు ఒకసారి వాన మోసం చేసే నేల, దానిమీద ధర మోసం. ఒకటి ఎదురైతే తట్టుకునేవాళ్లు రెండూ ఒకేసారి వచ్చేసరికి నిలవలేకపోయారు.

అప్పుడు మొదలైంది బోర్ల పిచ్చి. పిచ్చి అనడం సరైన మాట కాదేమో, ఇంకో దారి లేక చేసిన పని అది. నీళ్లు పడితే చీనీ తోట, దానిమ్మ, అరటి. పడకపోతే లక్ష మట్టిలో కలిసింది. పక్క పొలంలో పడింది కదా అని ఇంకోటి. మొదట్లో రెండు మూడు వందల అడుగుల్లో తేలిన నీళ్లు కొన్ని మండలాల్లో వెయ్యి అడుగులకు పోయాయి. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు దాయాదుల్లో ఒకరికి బోరు పడింది, ఒకరికి పడలేదు. పదేళ్లు గడిచేసరికి ఒకరి పిల్లలు బెంగళూరులో ఇంజినీర్లు, ఇంకొకరి పిల్లలు అదే బెంగళూరులో సెంట్రింగ్ పనివాళ్లు. కష్టంలో తేడా లేదు, తెలివిలో తేడా లేదు. భూమి లోపలి రాయి తేడా. హంద్రీ-నీవా కాలువ ద్వారా 2012లో కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాక కొన్ని మండలాలు ఊపిరి పీల్చుకున్నాయి. కాలువ తాకని పల్లెలు మాత్రం పాత జూదంలోనే ఉన్నాయి.

అప్పుల లెక్క ఇక్కడే చెప్పాలి. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. ఒక్కో కుటుంబం నెత్తిన సగటున 2.45 లక్షలు, దేశం మొత్తంలో అదే అత్యధికం. దేశ సగటు 74 వేలు.

పది ఎకరాల ఆసామి

ఈ కుటుంబాలను సర్కారు ఏ గడిలో పెడుతుందో చూడండి. రాష్ట్రంలో బియ్యం కార్డుకూ, దాని వెంట వచ్చే పథకాలకూ 2019 తర్వాత పెట్టిన షరతుల్లో భూమి ఒకటి. మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలి. పల్లెలో నెల ఆదాయం 10 వేలు, పట్నంలో 12 వేలు మించకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు.

కోనసీమలోనో కృష్ణా డెల్టాలోనో కూర్చుని చూస్తే పది ఎకరాలు చాలా పెద్ద మాట. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మెట్టలో పదకొండు ఎకరాలున్న ఆసామి సంగతి వేరు. వాన సరిగా లేని ఏడాదిలో ఎకరాకు రెండు క్వింటాళ్ల కాయ వచ్చిందనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263. అంటే ఎకరాకు 14,526 రూపాయలు. విత్తనం, దుక్కి, మందులు, కలుపు, కాయ పీకే కూలి కలిపితే పెట్టుబడి దీన్ని మించిపోతుంది. పదకొండు ఎకరాలున్నందుకు అతనికి పదకొండు రెట్లు నష్టం. కాగితం మీద మాత్రం పదికి పైన ఉన్నాడు కాబట్టి ఉన్నవాడి కిందే లెక్క. అదే ఆసామి ముగ్గురు కొడుకులకు భాగాలు పంచితే ఒక్కొక్కరికి నాలుగు ఎకరాల లోపు వస్తుంది, ముగ్గురికీ కార్డులొస్తాయి. పేపర్లో అది పేదల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక మధ్యరకం ఇల్లు మూడు ముక్కలై కిందికి దిగింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆరోగ్యశ్రీ విషయంలో ఈ గీత కొంత పైకి జరిగింది. 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. తర్వాత ఏడాదికి 5 లక్షల ఆదాయం ఉన్నవాళ్లకూ వర్తింపజేశారు. పెద్ద ఆపరేషన్‌తో ఇల్లు గుల్లయ్యే ప్రమాదం అలా కొంత తప్పింది. నెలనెలా తినే షుగర్ మాత్రలు, స్కానింగులు, బెంగళూరు రానుపోను ఖర్చులు మాత్రం ఇంటి మీదే ఉన్నాయి. చిన్న ఖర్చులు కాబట్టి ఎవరూ లెక్క రాయరు. పొదుపు కరిగిపోయేది వాటితోనే.

భూమి ధర గురించీ చెప్పుకోవాలి, ఎందుకంటే బంగారంలో జరిగిందే ఇందులోనూ జరిగింది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఖాయమైంది, దాదాపు 600 ఎకరాలిచ్చారు. 2019లో కార్లు బయటికొచ్చాయి, ఏటా మూడు లక్షల కార్లు తయారు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ అది. కరువు నేలకు అంత పెద్ద పరిశ్రమ రావడం మంచిదే, ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు ఇంటి దగ్గరే పని దొరికింది. బెంగళూరు హైవే పొడవునా సెంటు ధర కూడా ఎగిరింది. అయితే ఆ ధర ఎగిరే నాటికి భూమి ఎవరి చేతిలో ఉంది? బోర్ల అప్పులకు, ఆడపిల్ల పెళ్లికి అంతకు ముందే ఎకరం రెండెకరాలు తెగనమ్ముకున్న రైతుకు ఆ ఎగురుడులో పైసా రాలేదు. అప్పట్లో కొని ఆగగలిగిన వాడికి వచ్చింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినప్పుడూ, ఎన్‌పీ కుంటలో పలకలు పరిచినప్పుడూ ఇదే వరస. ఆగగలగడమే ఇక్కడ అసలు పెట్టుబడి. అప్పు ఉన్న మనిషి ఆగలేడు.

ఇక ఆ హైవే పక్క పట్నంలో బాడుగ ఇంట్లో ఉండే ప్రైవేటు టీచరుకు భూమి ధర పెరగడం అంటే రెండు సెంట్ల ప్లాటు ఇంకో పదేళ్లు దూరం జరగడం.

ఉద్యోగం అనే గోడ

ఈ సీమలో సర్కారు ఉద్యోగానికి ఉన్న విలువ బయటివాళ్లకు అర్థం కాదు. జీతం ఒక్కటే చూసుకుని ఎవరూ దానికోసం ఏడేసి ఏళ్లు కోచింగ్ సెంటర్లలో కూర్చోరు. ఆ జీతం వాన మీద ఆధారపడదు. టీచరు ఉద్యోగం వచ్చిన ఇంట్లో తమ్ముళ్ల చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఊళ్లో అమ్మానాన్నల మందులు అన్నీ ఆ ఒక్క జీతం మీదే నడిచేవి. రిటైరయ్యాక పెన్షన్ వచ్చేది కాబట్టి ముసలితనంలో పిల్లల మీద పడేవాళ్లు కాదు. ఆ పిల్లలు తమ సంపాదన దాచుకోగలిగేవాళ్లు.

2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్కారులో చేరినవాళ్లకు ఆ పాత పెన్షన్ లేదు. ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత జమ చేయించే సీపీఎస్ వచ్చింది, దానిమీద పోరాటాలు, మధ్యలో గ్యారంటీడ్ పెన్షన్ చట్టం, ఇంకా తేలని గొడవ. అది కూడా పర్మినెంట్ ఉద్యోగం దొరికినవాళ్ల సంగతి. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ నియామకాలు జరిగింది 2025లో. 16,347 పోస్టులకు 3 లక్షలకు పైగా అభ్యర్థులు పోటీ పడ్డారు. మధ్యలో ఏడేళ్లు ప్రైవేటు స్కూళ్లలో, ఔట్‌సోర్సింగ్ కుర్చీల్లో గడిచిపోయాయి. ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు కూర్చుని ఒకే ఫైలు చూస్తుంటారు. ఒకాయన 1998లో చేరాడు, ఒకామె 2018లో ఔట్‌సోర్సింగ్‌లో వచ్చింది. ఆయన జీతంలో నాలుగో వంతు కూడా ఆమెకు రాకపోవచ్చు. ఆయన మధ్యతరగతిలో ఉన్నాడు. ఆమె ఆ కుటుంబాల్లాగే బట్టలు కట్టుకుంటుంది, పిల్లల్ని అలాంటి స్కూలుకే పంపుతుంది, ఆ తేడాను బంగారంతో పూడుస్తుంది. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అంటుంటారు. ఆ పటారం నిలబెట్టకపోతే పిల్లకు సంబంధం రాదు, చీటీలో పేరు చేర్చుకోరు, బజారులో అప్పు పుట్టదు. ఆమె పెట్టే ఆ ఖర్చు డాబు కోసం కాదు.

ధర్మవరంలో మెట్లు వేరు, దిగడం ఒకటే. పట్టుచీరల ఊరు. అక్కడ ఒకప్పుడు పైన పట్టు వ్యాపారి, కింద కూలి నేతగాడు, మధ్యలో సొంతంగా రెండు మూడు మగ్గాలు పెట్టుకుని, ముడి పట్టు తానే కొనుక్కుని, చీర తానే అమ్ముకునే నేతగాడు ఉండేవాళ్లు. ఊరిని నిలబెట్టింది ఈ మధ్యవాడే. పట్టు ధర ఎగుడుదిగుడులు, పవర్‌లూమ్ నకళ్లు ఇతన్ని రెండు వైపుల నుంచి నొక్కాయి. కొన్ని డిజైన్లు చేనేతకే ప్రత్యేకమని 1985లో చట్టం చేశారు, దాన్ని అమలు చేసేవాళ్లే కరువయ్యారు. సరుకు అప్పుగా తెచ్చుకున్న నేతగాడు మెల్లగా ఆ వ్యాపారికే కూలికి నేయడం మొదలుపెట్టాడు. మగ్గం అతని ఇంట్లోనే ఉంది, గుంటలో కూర్చునేది అతనే. చీర మాత్రం అతనిది కాదు. ఏడాదికి 24 వేలు ఇచ్చిన నేతన్న నేస్తం పథకం 2019లో ధర్మవరంలోనే మొదలైంది. ఆ డబ్బు కొలిమిలో నీటిచుక్క అనడం సరికాదు, కరువు నెలల్లో అది తిండి అయింది. కాకపోతే పట్టు కొనుక్కోవడానికి సరిపోలేదు, అంటే మళ్లీ మధ్యమెట్టు ఎక్కడానికి పనికిరాలేదు.

పైవాళ్లది పెరుగుతూ ఉంటే

ఇంతవరకూ చెప్పింది కిందికి జారడం గురించి. పైన ఏం జరిగిందో కూడా చూడకపోతే ఇదంతా విధి అనిపిస్తుంది. వారసత్వంగా వచ్చే పెద్ద ఆస్తుల మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో తీసేశారు. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22కు దించారు. వాటిలో ఒక్కోదానికీ ఒక్కో కారణం చెప్పారు, వసూలు తక్కువ, ఖర్చు ఎక్కువ, పెట్టుబడులు రావాలి అని. కలిపి చూస్తే తేలేది ఒకటే: ఆస్తి తనంతట తాను పెరుగుతున్న చోట ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంది. ఇటుపక్క సబ్బు, నూనె, బండి టైరు మీద జీఎస్టీ కూలివాడికీ కోటీశ్వరుడికీ ఒకే రేటు. 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేకుండా చేయడం, అదే ఏడాది సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేయడం మంచి పనులు. నగరాల్లో జీతగాళ్లకు అవి నిజంగా ఊరట. బంగారు కౌంటర్ దగ్గర వరుసలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఆదాయపు పన్ను కట్టేంత జీతమే లేదు.

మార్పు ఎంత దూరం వచ్చిందో కొలవడానికి ఈ జిల్లాలోనే ఒక గుర్తు ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. అప్పుడు రోజు కూలి 80 రూపాయలు. వంద రోజులు పనిచేస్తే 8 వేలు. ఆ ఏడాది పది గ్రాముల బంగారం సుమారు ఎనిమిదిన్నర వేలు. అంటే ఒక మనిషి ఎండలో వంద రోజులు మట్టి పని చేస్తే, తిండికి ఖర్చు పెట్టకుండా మొత్తం దాచగలిగితే, దాదాపు పది గ్రాముల బంగారం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి 307. వంద రోజులకు 30,700. లక్ష రేటు దగ్గర లెక్కేసినా అది మూడు గ్రాములు. కూలి దాదాపు నాలుగు రెట్లయింది, అబద్ధం కాదు. ఆ కూలితో కొనగలిగే ఆస్తి మూడో వంతుకు పడిపోయింది. పని చేసి పైకి రావడం, ఆస్తి ఉండి పైకి రావడం అనే రెండు దారుల్లో మొదటిది ఎంత నిడివి పెరిగిందో ఈ ఒక్క లెక్కలో ఉంది. ప్రైవేటు టీచరు జీతానికి వేసుకున్నా, కిరాణా కొట్టు మిగులుకు వేసుకున్నా జవాబు దీనికి దగ్గర్లోనే వస్తుంది.

చదువు ఒక్కటే ఇంకా ఎక్కించే నిచ్చెన అని ఇక్కడి ప్రతి ఇల్లూ నమ్ముతుంది. ఆ నమ్మకంలో నిజం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజినీరు పుట్టాడు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఉద్యోగం ఊళ్లో ఉంటారు. మంచి కంపెనీలో నిలదొక్కుకున్న పిల్లలు ఇంటి నగను విడిపించారు, నాన్న అప్పులు తీర్చారు. అలాంటి ఇళ్లు ప్రతి వీధిలో ఒకటి రెండున్నాయి, వాటిని చూసే మిగతా ఇళ్లు నగ కుదవ పెట్టి పిల్లల్ని పంపుతున్నాయి. అందరికీ ఆ ఉద్యోగాలు లేవు. డిగ్రీ చేతికొచ్చి మూడేళ్లయినా పీజీ హాస్టల్ బాడుగకు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే కుర్రాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. ఆ డబ్బు కూడా ఆ లాకర్లోని గొలుసు మీదే వస్తుంది.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం వైపు, ఈ జారుడు చివరి మెట్టు సుగ్గి. పంటలైపోయాక ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు పోవడం. ఒకప్పుడు భూమి లేని కుటుంబాలే ఎక్కువగా పోయేవి. ఇప్పుడు ఆ లారీల్లో, ఆటోల్లో నాలుగైదు ఎకరాలున్న ఆసాములు కూడా ఉంటున్నారు.

నవంబరులో శెనక్కాయ కొట్టి అమ్మేనాటికి అనంతపురం బ్యాంకుల్లో ఇంకో వరుస కనబడాలి, నగలు విడిపించుకునేవాళ్ల వరుస. పంట పండిన ఏడు కనబడుతుంది. పంట పోయిన ఏడు అది ఉండదు, కొన్ని నెలల తర్వాత పత్రికల జిల్లా పేజీల్లో వేలం ప్రకటనలు ఉంటాయి. చిన్న అక్షరాల్లో రుణం నంబరు, పేరు, ఊరు, తేదీ. బాకీ పోను మిగిలిన డబ్బు నగ యజమానికి తిరిగి ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ మిగిలిన డబ్బుతో ఆ నగ మళ్లీ రాదు. రేటు పైన ఉంటుంది, దానికి తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలుస్తాయి. మరుసటి జూన్‌లో ఆ కుటుంబం బంగారు కౌంటర్ దగ్గర కనబడదు. పెట్టడానికి ఏమీ లేదు. విత్తనానికీ ఫీజుకూ ఊళ్లోనే నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, ప్రామిసరీ నోటు రాసిస్తుంది.